మేకు వలి వదులుకున్న ఎత్తు

కెప్టెన్ మంగతాయారు గారికి ప్రశ్న అడిగిన చోటే జవాబు చెప్పే అలవాటు లేదు. శిష్యులు నేలమీద అడిగితే "పైకెళ్ళాక చూద్దాంలే" అనేవారు. పైన అడిగితే "ముందు దిగనీ" అనేవారు. తణుకు దగ్గర ఒక పల్లెలో పుట్టి, జెట్ విమానాలు నడపడంలో జుట్టు నెరిసి, ఆ తరువాత నడపడం నేర్పే పనిలో కుదురుకున్న మనిషి. ఎన్ని ఆకాశాలు తిరిగినా మాటలో గోదావరి నీళ్ళ రుచి పోలేదు. ఆవిడ పాఠం చెప్పరనీ, పాఠం ఎదురయ్యేదాకా పక్కన కూర్చుంటారనీ శిష్యులు చెప్పుకునేవారు.

ఆవిడ దగ్గరికి వచ్చినవాళ్ళలో షేక్ మస్తాన్‌వలి ఒకడు. ఊరు నరసరావుపేట. తండ్రి ఆర్టీసీలో బస్సు డ్రైవరుగా చేసి మానుకున్నాడు. "మా ఆయన కింద తోలాడు, మావాడు పైన తోలతన్నాడు, అంతే తేడా" అని తల్లి వీధిలో అందరికీ చెప్పేది. విమానంలో ఎడమ సీటు కెప్టెన్‌ది, కుడి సీటు కో-పైలట్‌ది. వలి కుడి సీట్లో కూర్చుని ఏళ్ళు గడిచాయి. తన తరువాత చేరినవాళ్ళు కొందరు ఎడమ సీట్లోకి మారిపోయారు కూడా. అతని చేతికి పేరు లేక కాదు. చేతికి ఉన్న పేరే అతనికి అడ్డమొచ్చింది. పైలట్లకు చదువుకునే రోజుల నుంచీ ఒక పరీక్ష ఉంటుంది: చెప్పిన ఎత్తును జారకుండా పట్టుకోవాలి, జారితే మార్కులు పోతాయి. హాస్టల్లో కుర్రాళ్ళు దానిమీద పందేలు కాసుకునేవారు. ఆ పందెంలో వలిని ఓడించినవాడు లేడు. ఎత్తు పెట్టాడంటే గోడకు మేకు దిగేసినట్టే. అందుకే తోటివాళ్ళు అతణ్ణి మేకు వలి అన్నారు. అతనికి ఆ పేరంటే లోపల్లోపల గర్వం.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. జెట్ విమానం బాగా ఎత్తున పోయేటప్పుడు చుట్టూ గాలి పలచగా ఉంటుంది. మరీ నెమ్మదిస్తే రెక్కలకు పట్టు చాలదు. మరీ జోరెక్కితే విమానం ఒళ్ళంతా అదురుతుంది. ఈ రెంటికీ మధ్యనున్న దారి పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, వరిచేల నడుమ గట్టులాగా. రోజూ వేలమంది పైలట్లు ఆ గట్టుమీద హాయిగా నడిచిపోతూనే ఉంటారు, గాలి నిలకడగా ఉంటే అందులో భయపడవలసిందేమీ లేదు. గాలి ఉన్నట్టుండి మారినప్పుడే గట్టు కాలికింద కదిలినట్టవుతుంది. వలి కెప్టెన్ పరీక్ష సిమ్యులేటర్‌లో, అంటే నేల వదిలి లేవని ఉత్తుత్తి విమానంలో జరిగింది. పరీక్ష పెట్టినాయన గాలిని ఒక్కసారిగా తిప్పాడు. వేగం పోతున్నా వలి ఎత్తు వదల్లేదు. ముక్కు ఎత్తి, మరికాస్త ఎత్తి, చెప్పిన చోటే పట్టుకు వేలాడాడు. చివరికి రెక్కలు పట్టు తప్పాయి. ఉత్తుత్తి విమానం రాయిలా పడింది. పరీక్షకుడు బొమ్మ ఆపేసి, నవ్వకుండా అన్నాడు: "ఎత్తు భలే పట్టావయ్యా. విమానాన్నే వదిలేశావు."

వాళ్ళ సంస్థలో రెండోసారి కూడా తప్పినవాడు ఇక ఎడమ సీటు మాట ఎత్తకూడదు. అసలు రెండోసారి కూర్చోబెట్టాలా వద్దా అన్నది మంగతాయారు గారి మాటమీద ఉంది. అందుకని కొన్ని ప్రయాణాలు ఆవిడ పక్కన ఎగరమని వలిని పంపారు. వాటిలో చివరిది చలికాలంలో ఒక ఉదయం, ఢిల్లీ నుంచి గువాహటికి. మంచు విడిపోయి ఎండ పొడిచాక, విమానం దగ్గరికి పోయే బస్సులో నిలబడి, వలి ఇక ఆగలేక అడిగేశాడు.

"మేడమ్, పైన గాలి ఉన్నట్టుండి మారితే, పైలట్ అన్నవాడు దేన్ని గట్టిగా పట్టుకోవాలి?"

మంగతాయారు గారు బస్సు పైకమ్మీ పట్టుకుని ఊగుతూ, "ఇప్పటికి దీన్ని పట్టుకో. ఈ డ్రైవరు బ్రేకు ఎప్పుడేస్తాడో తెలీదు" అన్నారు. వలికి నవ్వు రాలేదు. ఇంత పెద్దావిడ, ఇంత తెలిసినావిడ, ఒక్క ముక్క చెబితే పోయేదేముంది అనుకున్నాడు. ముందురాత్రి తల్లి ఫోన్లో, "ఈసారి అయిపోద్దిగా నాయనా?" అని అడిగింది. "అయిపోద్దమ్మా" అన్నాడే గాని, ఏది అయిపోతుందో అతనికే తెలియదు.

ఆ రోజు విమానం నడిపే వంతు వలిది. కింద కూర్చుని ఆకాశంలో దారులు చూసే కంట్రోలర్లతో రేడియోలో మాట్లాడడం, అతను చేసే పనిని కనిపెట్టుకుని ఉండడం ఆవిడ వంతు. ముప్ఫైయేడు వేల అడుగులకు చేరి నిలబడ్డారు. చలికాలంలో ఆ ఎత్తున పడమటినుంచి తూర్పుకు గాలి ఏరులా పారుతుంటుంది. అది వెనకనుంచి తోస్తుంటే విమానం గువాహటి వైపు ఉల్లాసంగా పోతోంది. ఎడమవైపు దూరాన హిమాలయాలు, ఉతికి ఆరేసిన బట్టల్లా తెల్లగా వరసకట్టి ఉన్నాయి. ఆవిడ వాటిని చూస్తూ కబుర్లలో పడ్డారు.

"మీ నాన్న బస్సు తోలేటప్పుడు నువ్వు ఎక్కేవాడివా?"

"ఎక్కేవాణ్ణి మేడమ్. ఇంజను పక్కన బోనెట్ మీద కూచోబెట్టుకునేవాడు."

"కాలేది కాదూ?"

"కాలేది. అయినా దిగేవాణ్ణి కాదు."

"అబ్బో, అప్పటినుంచే ఉందన్నమాట ఈ దిగకపోవడం" అన్నారావిడ. వలికి చురుక్కుమంది. సిమ్యులేటర్ సంగతి ఎత్తుతున్నారనుకున్నాడు. ఎదురుగా ఉన్న తెరవైపు తిరిగాడు.

అప్పుడే మారింది. మబ్బు లేదు, మెరుపు లేదు, కంటికి ఏమీ కనపడలేదు. వెనకనుంచి తోస్తున్న గాలి ఎవరో తలుపు వేసినట్టు ఆగిపోయింది. ఆ తోపు ఆగగానే ఎదుటి గాలి రెక్కలకు గట్టిగా తగులుతుంది, లెక్కకు వేగం పెరుగుతుంది. తెరమీద వేగం చూపించే నిలువు పట్టీ ఒకటి ఉంటుంది. పైన జోరు హద్దుకు ఎర్ర గుర్తు, కింద నెమ్మది హద్దుకు పసుపు గుర్తు, నడుమ ఒక బాణం. ఇంకాసేపట్లో వేగం ఎక్కడికి చేరబోతుందో ఆ బాణం ముందే చూపిస్తుంది. అది ఇప్పుడు ఒక్క దూకున ఎరుపులోకి పోయింది. వలి ఎడమ చెయ్యి అతణ్ణి అడక్కుండానే ఇంజన్ల జోరు తగ్గించే లివర్ల మీద పడింది. మామూలుగా ఆ జోరును యంత్రమే చూసుకుంటుంది. వలి యంత్రాన్ని తప్పించి, లివర్లను మొదలంటా వెనక్కి లాగేశాడు.

"మెల్లిగా నాయనా" అన్నారు మంగతాయారు గారు. తరువాత ఆవిడ రేడియోలో ఏదో మాట్లాడుతున్నారు, పైన సీటు బెల్టుల గుర్తు వెలిగింది. వలికి ఇవేవీ ఎక్కలేదు. అతనికి లోకంలో ఉన్నదల్లా ఆ బాణం ఒక్కటే. అది ఎరుపులోంచి దిగింది. హమ్మయ్య అనుకున్నాడు. అది దిగుతూనే ఉంది. ఆగిపోయిన గాలి మళ్ళీ వెనకనుంచి పట్టుకుంది, ముందుకంటే జోరుగా. రెక్కలమీద పారే గాలి ఒక్కసారిగా తగ్గింది. ఇంజన్ల జోరు తనే తీసేశాడు కనక ఆదుకునేందుకు ఏమీ లేదు. లివర్లను ముందుకు, కొసదాకా, తోశాడు. కాని ఆ ఎత్తున పలచగాలిలో జెట్ ఇంజను పిలవగానే పలకదు. నిద్రలేచిన పెద్దమనిషిలా ఒళ్ళు విరుచుకుని, తీరిగ్గా లేస్తుంది. లేచాక కూడా అక్కడ దాని దగ్గర మిగులు బలం కాస్తే.

వేగం పసుపు గుర్తు వైపు పోతోంది. ఆటోపైలట్ తనకిచ్చిన ఎత్తును నిలపడం కోసం ముక్కును కొంచెం కొంచెంగా పైకెత్తుతోంది. అచ్చం సిమ్యులేటర్‌లో వలి చేత్తో చేసిన పనే. ఎత్తు చూపే అంకె మాత్రం మేకు దిగేసినట్టుంది. వలి దానివంక చూశాడు. ఆ అంకె కదలకుండా ఉంటే ఈ పూట గడిచినట్టే, ఆవిడ రాసుకునేందుకు ఏమీ ఉండదు అన్న ఆలోచన అతని మనసులో నిజంగానే వచ్చింది. వెనక ఒకచోట విమానం సన్నగా వణికింది. రేకు మీద వాన మొదలైనట్టు చిన్న చప్పుడు. ఆ వణుకు అతనికి తెలుసు. ఉత్తుత్తి విమానం పడబోయేముందు చేసినదే. అప్పుడు పరీక్షకుడు బొమ్మ ఆపాడు. ఇప్పుడు తలుపుకు అవతల జనం టీ తాగుతున్నారు. ఎవరో పసిబిడ్డ ఏడుపు కూడా వినిపిస్తోంది. దీన్ని ఆపేవాడెవడూ లేడు.

వలి పక్కకు చూశాడు. ఆవిడ రెండు చేతులూ కంట్రోళ్ళ దగ్గరే ఉన్నాయి, ముట్టుకోలేదు. ఆవిడ చూపు అతని ముఖం మీద ఉంది. అందులో కోపం లేదు, సలహా లేదు.

"దిగుతున్నా మేడమ్" అన్నాడు వలి. "నిలబెట్టలేను. ఎత్తు వదిలేస్తన్నా."

"దిగు. కింద దారి ఖాళీ" అన్నారావిడ, ఆ మాట నోట్లో సిద్ధంగా ఉన్నట్టు.

అతను ఆటోపైలట్‌ను తప్పించి ముక్కు కొద్దిగా దించాడు. విమానం ముందుకు ఒరిగి, ఏటవాలు రోడ్డెక్కిన బండిలా, కిందికి జారింది. అంకె కదిలింది. అన్నేళ్ళుగా కదలని అంకె గబగబా తిరిగింది. కాని పసుపు గుర్తు దగ్గరనుంచి వేగం పైకి లేచింది. రెక్కలకు పట్టు దొరికింది. వణుకు ఆగింది. రెండువేల అడుగులు కిందికి వచ్చి నిలబడేసరికి గాలి మామూలుగా ఉంది, ఇంజన్లు మామూలుగా ఉన్నాయి, ఎడమవైపు హిమాలయాలు ఏమీ ఎరగనట్టు అక్కడే ఉన్నాయి. "ఇప్పుడు యంత్రానికి దాని పని దానికిచ్చెయ్" అన్నారావిడ. వలి ఇచ్చేశాడు.

విమానంలో సిబ్బందికి పెద్ద అయిన నవనీత ఇంటర్‌కమ్‌లో పిలిచింది. "మేడమ్, అంతా కూచునే ఉన్నారు. ఒకాయన పంచె మీద టీ ఒలికింది, అంతే. కాలిందా తాతగారూ అంటే, అంత వేడిగా ఎప్పుడిచ్చావమ్మా అంటున్నాడు."

ఆవిడ ఫక్కున నవ్వారు. "ఇంకో కప్పు వేడిగా ఇయ్యి. మా వలి ఇచ్చాడని చెప్పు."

వలికి కళ్ళు మసకలయ్యాయి. నవ్వుకో, ఏడుపుకో అతనికి తెలియలేదు. కాసేపయ్యాక అడిగాడు: "మేడమ్, కింద దారి ఖాళీ అని మీకెట్టా తెలుసు? మన కింద ఎత్తులో ఎదురుగా వచ్చే విమానాలుంటాయి. అడక్కుండా దిగితే..."

"అడిగాను."

"ఎప్పుడడిగారు?"

"నువ్వు ఆ లివర్లను చేదతాడు లాగినట్టు లాగుతున్నావే, అప్పుడు. కంట్రోలర్‌ని, కింద రెండువేల అడుగులు మాకోసం ఖాళీగా ఉంచుతావా బాబూ అని అడిగాను. పాపం ఎదురుగా వచ్చేవాణ్ణి పక్కకు మళ్ళించాడు. నీ చెవిలోనే అడిగానయ్యా, ఇద్దరి హెడ్‌సెట్లూ ఒకటే కదా."

వలి గుర్తు చేసుకోబోయాడు. ఒక్క ముక్క గుర్తు లేదు. తన చెవిలో జరిగిన మాట తను వినలేదు. "అంటే నేను దిగుతానని మీకు ముందే తెలుసా?"

"నాకెట్టా తెలుస్తుంది? నువ్వు దిగకపోతే నేనే తీసుకునేదాన్ని, చేతులు చూశావుగా. నీకు పాఠం చెప్పడానికి వెనకాల అంతమందిని పణం పెట్టేటంత గొప్ప గురువుని కాను." ఆవిడ నీళ్ళ సీసా మూత తిప్పి ఒక గుక్క తాగారు. "నీకు దిగాలనిపిస్తే దారి ఉండాలి కదా అనుకున్నా. అంతే."

వలి కిటికీలోంచి కిందికి చూశాడు. తను ఒక బాణాన్ని పట్టుకుని వేలాడుతున్నప్పుడు, ఇద్దరు మనుషులు, పక్కనున్న ఒకావిడా ఎక్కడో గదిలో కూర్చున్న ముఖం తెలియని ఒకాయనా, కిందనున్న ఆకాశాన్ని తనకోసం ఊడ్చి పెట్టారు. ఎదురుగా వచ్చిన మూడోవాడెవడో ఎందుకని అడక్కుండా తప్పుకున్నాడు. తను మాత్రం ఇన్నాళ్ళూ ఆ సీట్లో ఒక్కణ్ణే ఉన్నాననుకుని ఎగిరాడు. ఆ ప్రాంతం దాటి, రేడియో మరో కేంద్రానికి మార్చుకోవలసిన సమయం వచ్చింది. మామూలుగా ఆ కేంద్రం రేడియో అంకె తిరిగి చెప్పి సెలవు తీసుకుంటారు. ఈసారి వలి మంగతాయారు గారివైపు చూసి, "నేను మాట్లాడనా మేడమ్?" అని అడిగాడు. ఆవిడ తలూపారు. అతను కంట్రోలర్‌తో, ఇందాక దారి ఇచ్చినందుకు కృతజ్ఞతలనీ, తప్పుకున్న విమానానికి కూడా తన మాటగా చెప్పమనీ అన్నాడు. అవతలి గొంతు కాసేపు ఆగింది. అలవాటు లేని మాట విన్నప్పటి నిదానం అది. "చెబుతాను. క్షేమంగా వెళ్ళండి" అంది.

గువాహటిలో దిగి, జనమంతా వెళ్ళిపోయాక, ఇద్దరూ విమానం పక్కన నీడలో నిలబడ్డారు. మంగతాయారు గారికి ఒక పద్ధతి ఉంది. ఎక్కడ దిగినా అక్కడ విమానం అందుకునే మెకానిక్కునూ, ఇంధనం పట్టే అతణ్ణీ, లోపల ఊడ్చేవాళ్ళనూ పేరుపేరునా పలకరించి గాని కదలరు. ఆ పలకరింపులన్నీ అయ్యేదాకా వలి టోపీ చేత్తో తిప్పుకుంటూ కాచుకున్నాడు. లోపల మాటలు కూడదీసుకుంటున్నాడు.

"మేడమ్, నేను దాచిపెట్టను. ముందు నా చెయ్యి తొందరపడింది. అది నా తప్పు. ఆ తరవాత ఎత్తు కూడా నిలపలేకపోయాను. రెండువేల అడుగులు పోయింది. మీరు ఏం చెప్పినా సరే, మీ మీద నాకు మనసులో ఏమీ ఉండదు. ఈ పూట అందరం నేలమీద నిలబడ్డాం, నాకది చాలు."

"చెయ్యి తొందరపడింది, నిజమే. ఇంకోసారి లాగావంటే వేళ్ళమీద కొడతాను" అన్నారావిడ. "వచ్చే వారం పరీక్షకు కూర్చో. కూర్చోబెట్టమని నేను చెబుతాను."

వలి నమ్మలేనట్టు చూశాడు. వంగి ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, "ఒద్దొద్దు, ఇక్కడ నూనె ఒలికింది, జారిపడతావు" అన్నారు.

"ఎత్తు పోగొట్టినవాడికి ఎడమ సీటేంటి మేడమ్?" అన్నాడు వలి. "పరీక్షలో అయితే దానికే మార్కులు తీసేస్తారు."

మంగతాయారు గారు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశారు. అక్కడ ఏమీ లేదు, ఎండ ఉంది, అంతే. తరువాత బ్యాగు భుజాన వేసుకుంటూ అన్నారు:

"కిందా ఆకాశమేనయ్యా."